తేదీ చెప్పిన జున్ను

మునిలక్ష్మి చేసే జున్ను తినాలంటే ముందు ఎక్కడో ఒక ఆవు ఈనాలి. ఇంత చిన్న మాటను కేజీఎఫ్‌లో, కోలారులో, చివరికి బెంగళూరులో ఉన్నవాళ్లకు కూడా తలకెక్కించడానికి ఆమెకు మూడేళ్లు పట్టింది. అందరి తలకూ ఎక్కించి, చివరికి తానే మరిచిపోయింది.

ఆమెది బేతమంగళ చెరువు కింది పల్లె. భర్త ఆనంద్ బేతమంగళ నుంచి రాబర్ట్‌సన్‌పేట దాకా ఆటో తోలతాడు. ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతారు. అరెకరం రాగి చేను ఉంది, ఆవు మాత్రం లేదు. ఆవు లేని మనిషికి జున్ను వ్యాపారమేమిటని ఊరు మొదట్లో నవ్వింది. నవ్వనీ. ఊరికి నవ్వడం కంటే పనేముంది?

ఆ పని ఆమె చేతిలో పెట్టింది పక్కింటి చిక్కమ్మ. చిక్కమ్మకు డెబ్బై దాటాయి. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు మునేష్ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు ఫ్యాక్టరీకి పోయి చీకటి పడ్డాక వస్తాడు. పగలంతా చిక్కమ్మకు తోడు కెంచి అనే ఎర్రావు. అది గడ్డి తింటే ఆమె అన్నం తింటుంది. అది అరిస్తే ఈమె పలుకుతుంది.

ఆ పల్లెల్లో జున్నుపాలు అమ్మరు. ఆవు ఈనితే మూడు రోజులు ఇరుగుపొరుగుకు చెంబులతో పోస్తారు. పోయించుకున్నవాళ్లు చెంబును కడగకుండా, అందులో చిన్న బెల్లం ముక్క వేసి తిరిగిస్తారు. కడిగితే ఆవు వట్టిపోతుందని నమ్మకం. ఇంతకంటే గట్టి కట్టుబాటు ఇంకొకటి ఉంది. మొదటి రోజు రెండు చన్నులు దూడవి, రెండు మనిషివి. ఎంత లేనివాళ్లైనా దూడ చన్నుల మీద చెయ్యి వేయరు.

అట్లా చిక్కమ్మ పోసిన చెంబెడు పాలకు మూడింతలు మామూలు పాలు కలిపి, బెల్లం, యాలకులు, రవ్వంత మిరియాల పొడి వేసి మునిలక్ష్మి ఆవిరి మీద ఉడికించింది. ఒక డబ్బాలో పెట్టి, ఆనంద్ ఆటోలో రోజూ మార్కెట్టుకు పోయే ఇసబెల్లా టీచరుకు పంపింది. ఆమె కేజీఎఫ్ గనుల్లో పని చేసిన వాళ్లింటి పిల్ల. బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఆ సాయంకాలమే ఫోన్ చేసింది.

"ఇది యాడిది మా? మా నాయన మైన్స్‌లో ఉండేటప్పుడు మా లైను ఇండ్లకు బేతమంగళ పాలాయన తెస్తా ఉండె. నలబై ఏండ్లాయ మా ఈ రుచి చూసి. నువ్వు ఇది చేసి అమ్మకూడదా?"

"జున్ను అమ్మేది లేదు టీచరమ్మా. పాపం అంటారు మా ఊళ్లో."

"పాలు అమ్మితే కదా పాపం. నువ్వు కష్టపడి ఉడికించేదానికి ఏం పాపం మా?"

టీచర్లతో వాదించి గెలిచినవాళ్లెవరు? మునిలక్ష్మి పోయి చిక్కమ్మనడిగింది. చిక్కమ్మ కాసేపు వక్కాకు నములుతూ ఆలోచించింది. "పాలకి దుడ్డు ఇచ్చేది వద్దు. ఎవరి ఆవు పాలు తెస్తే వాళ్లకు ఒక బూసా మూట వేసెయ్. ఆవు పాలు ఆవుకే పోయినట్టు ఉంటాది" అని తీర్పు చెప్పింది. పశువుకు మేత వస్తుందంటే ఏ రైతు కాదంటాడు? చుట్టుపక్కల అయిదారు పల్లెల్లో ఆవు ఈనితే మునిలక్ష్మికి కబురు రావడం మొదలైంది.

ఇసబెల్లా టీచరు చర్చి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టింది. అక్కడి నుంచి ఆర్డర్లు చీమల బారులా వచ్చాయి. గ్లాసంత కప్పుల్లో పోసి, మూత పెట్టి, పెట్టెలో సర్ది, పది గంటల బస్సులో పంపేది. ఇంటి గోడ మీది క్యాలెండరులో పండగల కంటే ఆవుల పేర్లే ఎక్కువ. 'శ్రీరామప్ప నల్లావు, చివరి వారం.' 'కెంచి, వచ్చే నెల మొదట్లో.' ఆనంద్ దాన్ని చూసి, "ఇంగ ఆవులకు సీమంతాలు కూడా నువ్వే చేసెయ్" అని ఆటపట్టించేవాడు.

ఆర్డరు తీసుకోవడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. తేదీ చెప్పదు. పేరు వరసలో రాసుకుంటుంది. ఆవు ఈనిన రోజు వరసలో ముందున్నవాళ్లకు ఫోనులో రాస్తుంది: 'ఆవు ఈనింది. మీ వంతు వచ్చింది.' అంతే. కొందరు విసుక్కునేవారు. తమకలో ఉండే ఒకామె, "ఎప్పుడు ఈనుతుందో కాస్త కచ్చితంగా చెప్పమ్మా" అంటే, "దాన్నే అడిగి చెప్తాను మేడమ్" అంది. విసుక్కున్నవాళ్లే ఎదురుచూసి తిన్నారు. ఎదురుచూసి తిన్నదానికి రుచి ఎక్కువ.

ఆ పద్ధతి అట్లాగే పోనిచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఇసబెల్లా టీచరు మనవరాలు జూలియాకు చర్చిలో మొదటి సత్ప్రసాదం. ఆదివారం మధ్యాహ్నం విందు. నూటిరవై కప్పుల జున్ను కావాలంది టీచరు. "కేటరింగ్ ఆయన కూడా వస్తాడు మా. ఒకసారి రుచి చూసినాడంటే ప్రతి ఫంక్షనుకూ నిన్నే పిలుస్తాడు. కానీ తేదీ మాత్రం తప్పకూడదు."

మునిలక్ష్మికి ఆశ పుట్టింది. ఆశను తప్పు పట్టేదేముంది, అది లేనివాళ్లెవరు? ఫ్రీజరులో నాలుగు సీసాల తొలిపాలు గడ్డకట్టి ఉన్నాయి. శ్రీరామప్ప నల్లావు ఆ వారంలోనే ఈనాలి. రెండూ కలిస్తే నూటిరవై కాదు, నూటయాభై అవుతాయి. "సరే టీచరమ్మా, ఆదివారం పదకొండుకంతా మీ ఇంట్లో ఉంటాది" అని చెప్పేసింది.

"తేదీ చెప్పినావా?" అన్నాడు ఆనంద్, అన్నం కలుపుతూ.

"చెప్పినాను."

"నల్లావును అడిగే చెప్పినావా?"

ఆమె కూర గిన్నె అతని ముందు ఠక్కున పెట్టి లేచిపోయింది.

నాలుగు రోజుల తర్వాత తమకలో ఉండే ఆ మేడమ్ తన కూతురి సీమంతమని ఏడ్చినంత పని చేసింది. ఎట్లాగూ నల్లావు ఈనుతుంది కదా అని మునిలక్ష్మి ఫ్రీజరులోని నాలుగు సీసాలూ తీసి ఆమెకు జున్ను చేసి పంపేసింది. నల్లావు మాత్రం ఈనలేదు. బుధవారం పోయి చూసింది, గురువారం పోయి చూసింది. అది తాపీగా నెమరు వేస్తూ ఆమె వైపు చూసింది. శుక్రవారం సాయంకాలానికి మునిలక్ష్మి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది.

శనివారం తెల్లవారుతుండగా చిక్కమ్మ గోడ మీదుగా పిలిచింది. "అమ్మణ్ణీ, కెంచి ఈనినాది. పెయ్యదూడ."

ఎనిమిది రోజులు ముందే ఈనింది. మునిలక్ష్మి రెండు క్యాన్లు పట్టుకుని పరిగెత్తింది. ఎర్రటి దూడ, నుదుట తెల్ల మచ్చ, ఇంకా తడి ఆరలేదు. కెంచి దాన్ని నాకుతోంది. రెండు రాత్రులుగా కొట్టంలోనే కాపలా కూర్చున్న చిక్కమ్మకు కళ్లు మూతలు పడుతున్నాయి. కీళ్ల నొప్పులతో ఆమె వేళ్లు వంకర్లు పోయి ఏడాదైంది. పాలు పిండేది మునిలక్ష్మే.

"నీకు ఆర్డరు ఉండాదంట కదా. దేవుడే ఇచ్చినాడు. మన రెండూ పిండుకో. దూడ ఇంకా లేవలేదు, లేచినాక నేను తాపుతాను. రవ్వంత నడుము వాలుస్తాను" అని చిక్కమ్మ అక్కడే మంచం మీద ఒరిగింది.

మునిలక్ష్మి రెండు చన్నులు పిండింది. పసుపుపచ్చగా, చిక్కగా పాలు. క్యానులోకి చూసింది. అరవై కప్పులకు సరిపోతాయి. వెనక్కి చూసింది. చిక్కమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. దూడ కాళ్లు కూడదీసుకోవడానికి తంటాలు పడుతోంది. మూడో చన్ను పట్టుకునేటప్పుడు, సగం పిండి ఆపుదామనే అనుకుంది. ఆపలేదు. నాలుగోది పట్టుకునేటప్పుడు ఏమీ అనుకోలేదు. చివరి ధార దాకా పిండింది. కెంచి పాపం, కదలకుండా నిలబడి ఇచ్చింది.

"అవ్వా, రెండు వదిలినాను. దూడ లేచినాక తాపు" అంది పోతూ పోతూ. చిక్కమ్మ నిద్రలోనే ఊ కొట్టింది.

రెండు క్యాన్ల పాలు ఇంటికి తెచ్చి ఒకదాంట్లో బెల్లం కరిగించింది. తొమ్మిదింటికి గోడ అవతల చిక్కమ్మ గొంతు వినిపించింది.

"అమ్మణ్ణీ, కెంచి చేపలేదే. దూడ గుద్ది గుద్ది చీకుతా ఉండాది, చుక్క రాలేదు. నేను పొద్దెక్కినాక లేచినాను. అది అలిగి పాలు ఎగబట్టేసింది."

అప్పటికి రెండో క్యాను ఇంకా మూలనే ఉంది. బెల్లం కలపలేదు, పొయ్యెక్కలేదు. ఒక సీసాలో పోసి గోడ మీదుగా అందించి ఉంటే చాలు. ఏదో ఒక సాకు చెప్పినా చిక్కమ్మ నమ్మేది. ఆమె నమ్మని మాట మునిలక్ష్మి ఏనాడూ చెప్పలేదు. మునిలక్ష్మి మూలనున్న క్యాను వైపు చూసింది, కడిగి బోర్లించిన నూటిరవై కప్పుల వైపు చూసింది.

"సాయంకాలానికి చేపుతాదిలే అవ్వా" అంది.

ఈ రోజుకీ ఆమెను తొలిచేది నాలుగో చన్ను కాదు, ఈ మాటే. పిండేటప్పుడు ఆత్రం. ఆత్రానికి కళ్లుండవు. ఈ మాట అనేటప్పుడు మాత్రం అన్నీ తెలిసే అంది.

ఆదివారం విందులో జున్ను మెరిసిపోయింది. టీచరు ఆమెను చెయ్యి పట్టుకుని అందరి ముందుకూ తీసుకుపోయి, "ఈమే మా మునిలక్ష్మి" అని చూపించింది. కేటరింగ్ ఆయన రెండు కప్పులు తిని ఫోన్ నంబరు రాసుకున్నాడు. తెల్ల గౌను వేసుకున్న జూలియా వచ్చి ఇంకో కప్పు అడిగి తీసుకుంది. మునిలక్ష్మి ఇంటికి వచ్చేసరికి చిక్కమ్మ కొట్టంలో దూడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అది నీళ్లలా పారుకుంటోంది, చెవులు చల్లబడ్డాయి. మంగళవారం పొద్దున చనిపోయింది.

పశువుల డాక్టరు చూసి, "మొదటి పూట జున్నుపాలు కడుపులో పడలేదు. అవి పడకపోతే దూడకు రోగాన్ని తట్టుకునే శక్తి రాదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగలా మునిలక్ష్మి భుజాలు తడుముకుంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు.

"నేను పండుకునేసినాను సార్" అంది చిక్కమ్మ. "దానికి రెండు చన్నులు నిండుగా ఉండె. నేనే లేచి తాపలేదు. ముండమొయ్య నిద్ర."

ఆ రాత్రి మునేష్ తల్లిని కేకలేశాడు. కఠినుడు కాదు పాపం, అలసిన మనిషి. "నీకు చేతులు రావు, కళ్లు నిలవవు. ఇంగ ఆవు వద్దు మా. ఇంకోటి చస్తే ఆ ఉసురు కూడా మనకేనా?" గోడకు ఇవతల మునిలక్ష్మి అంతా విన్నది. లేచిపోయి నాలుగు మాటలు చెప్తే అయిపోయేది. కానీ చెప్తే? దూడ నోటి పాలు తీసిందని తెలిస్తే ఏ ఊళ్లో ఏ రైతు తన కొట్టంలోకి రానిస్తాడు? మూడేళ్ల పని, కేటరింగ్ ఆయన, పిల్లల బడి అన్నీ ఆమె కళ్ల ముందు తిరిగాయి. రేపు చెప్దాం అనుకుంది. రేపు అనే రోజుకు క్యాలెండరులో గడి ఉండదు.

దూడ లేక కెంచి నిజంగానే చేపడం మానేసింది. పదో రోజు నంగలి నుంచి వచ్చిన బేరగాడికి మునేష్ దాన్ని అమ్మేశాడు. చిక్కమ్మ దాని నుదుటికి కుంకుమ పెట్టింది. బేరగాడితో, "బెదిరిస్తే అది మేత ముట్టదు. పేరు పెట్టి పిలువు, వస్తాది" అని చెప్పింది. వీధి మలుపు దాటేదాకా కెంచి రెండు సార్లు నిలబడి వెనక్కి చూసింది. మునిలక్ష్మి అంతా తన వంటింటి కిటికీలోంచి చూసింది. పొయ్యి మీద ఎవరిదో ఆర్డరు ఉడుకుతోంది. పది గంటల బస్సుకు ఇంకా టైముంది.

ఆవు లేని చిక్కమ్మ ఎట్లా బతుకుతుందో అనుకున్నారు అందరూ. ఆమె కొత్త పని పెట్టుకుంది. ఎవరి ఆవైనా ఈనితే చాలు, కర్ర ఊతంతో పోయి దూడ పక్కన కూర్చుంటుంది. దూడ లేచి, కడుపు నిండా తాగి, తోక ఆడించేదాకా కదలదు. "నేను నిద్రపోయి ఒక పెయ్యను చంపుకున్నాను నాయనా. మీరు ఆ పాపం చేయద్దండి" అని ప్రతి ఇంట్లో చెప్తుంది. వాళ్లు తలలూపుతారు. మునిలక్ష్మి ఖాళీ క్యానుతో పక్కనే నిలబడి ఉంటుంది. మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరు వేస్తారు? తను చేసిన తప్పును ఇంకొకరు ఊరూరా తిరిగి తమదని ఒప్పుకుంటుంటే వింటూ నిలబడాలి.

ఆమె మళ్లీ తేదీలు చెప్పడం మానేసింది. కేటరింగ్ ఆయన రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఏ కొట్టంలోకి పోయినా దూడ తాగినాకే పొదుగు ముట్టుకునేది. అయినా రాత్రి అన్నం ముందు కూర్చుంటే చిక్కమ్మ ఇంటి వైపు కొట్టం చీకటిగా కనిపించేది.

మూడు నెలలకు శ్రీరామప్ప ఇంట్లో రెండో ఆవు ఈనింది. మునిలక్ష్మి పోయేసరికి నలుగురైదుగురు చేరి ఉన్నారు. చిక్కమ్మ దూడను తుడుస్తూ మామూలుగానే మొదలుపెట్టింది. "నేను పండుకునేసినాను శ్రీరామప్పా. నా కెంచి రెండు చన్నుల నిండా పాలు పెట్టుకుని..."

"లేవు అవ్వా" అంది మునిలక్ష్మి.

అందరూ తిరిగి చూశారు. ఆమె ఆగలేదు. "రెండు చన్నుల్లో పాలు లేవు. నాలుగూ నేనే పిండేసినాను. ఆర్డరు ఉండె. నువ్వు నిద్రపోతా ఉంటే పిండినాను. కెంచి ఎగబట్టలేదు, దానికాడ లేనే లేవు. దూడను చంపింది నేను. నువ్వు కాదు."

శ్రీరామప్ప కళ్లు చిట్లించి ఆమెను ఎగాదిగా చూశాడు. తిట్టనీ, కొట్టనీ, క్యాను విసిరి కొట్టనీ అని ఆమె ఎదురుచూసింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడినట్లుంది.

చిక్కమ్మ దూడను వదిలి, కర్ర పట్టుకుని లేచి వచ్చింది. వంకర వేళ్లతో మునిలక్ష్మి చెంప నిమిరింది. ఆమె కళ్లలో నీళ్లు, ముఖంలో నవ్వు.

"చూసినారా దీన్ని?" అంది చుట్టూ ఉన్నవాళ్లతో. "నేను కుమిలిపోతా ఉండానని, నా తప్పు తీసి తన నెత్తిన వేసుకుంటా ఉండాది. కడుపున పుట్టిన కొడుకు నన్ను అరిచి ఆవును అమ్మేసినాడు. ఈ పక్కింటి పిల్ల చూడు."

"కాదవ్వా. నిజంగా చెప్తా ఉండాను. ఒట్టు."

"ఊ, నిజమేలే. ఒట్లు పెట్టద్దు, పిల్లలు ఉండేదానివి." చిక్కమ్మ పసిపిల్లను ఊరడించినట్లు ఆమె వీపు తట్టింది. "రెండు వదిలినాను తాపు అవ్వా అని నువ్వు చెప్పింది నా చెవుల్లో ఇంకా ఉండాది. నిద్రలో వినలేదనుకుంటా ఉండావా? బాగా విన్నాను. లేవలేదు, అంతే."

మునిలక్ష్మి చెప్పాల్సిన మాట ఒకటే, అది చెప్పేసింది. ఆనాడు గోడ మీదుగా చెప్పి ఉంటే నమ్మేవాళ్లు. మునేష్ అరిచిన రాత్రి చెప్పి ఉన్నా నమ్మేవాళ్లు. ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని నిజం అయిపోయింది అది.

శ్రీరామప్ప చూపు మెత్తబడింది. దూడ తాగేదాకా ఆగి, తానే కూర్చుని రెండు చన్నులు పిండి, పాలు ఆమె క్యానులో పోశాడు. "బూసా మూట వద్దులేమ్మా ఈ సారికి" అన్నాడు. చిక్కమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని ఇంటిదాకా నడిచింది. దారిలో కనిపించిన ప్రతి ఒక్కరినీ ఆపి, తన పాపాన్ని తన మీద వేసుకోబోయిన పిల్ల సంగతి చెప్పింది.